తిరగబడ్డ బొమ్మ

"చూడు, మళ్ళీ తిరగబడింది నీ బొమ్మ!" అన్నాడు ఇల్పో పక్కనున్న ఉర్హోతో, కాఫీ ఒలకబోసుకుంటూ.

హెల్సింకీ హాల్లో తెర మీద ఆడుతున్నది, కుర్రతనంలో అతనూ ఉర్హో కలిసి పోటీ కోసం చేసిన కంప్యూటర్ డెమో, అంటే ప్రోగ్రాము రాసి ఆడించే బొమ్మల ఆట. చివర్లో బొమ్మ తలకిందులవడం వల్లే ఆనాడు బహుమతి పోయింది. తప్పు ఉర్హోదేనని ఇల్పో ముప్పై ఏళ్లుగా సాధిస్తున్నాడు. ఆవిరి స్నానానికి కూర్చున్నా అదే పాట.

హాలంతా లేచి ఈలలు వేసింది. వెన్లా అనే కుర్రపిల్ల పరుగెత్తుకొచ్చింది.

"అది చూసే మేమంతా ఈ పిచ్చిలో పడ్డామండీ! మా డెమోలన్నీ అలాగే తిప్పి ముగిస్తాం. మీలో ఎవరిది ఆ ఆలోచన?"

ఉర్హో నోరు తెరిచేలోగా ఇల్పో కాలరెగరేశాడు. "ఇంకెవరిది? ప్రోగ్రాములో ఆ ముక్క రాసింది నేనేగా!"

ఉర్హో తన కాఫీ అతని చేతిలో పెట్టాడు.

"ఇన్నాళ్లకి ఒప్పుకున్నావురా."