ఆదివారం మంచె

ఈ ఆదివారం కూడా అంతే. భూమేష్ వేలెత్తి చూపించేలోపే పక్క చేలోని మంచె మీద నుంచి ముసలి వెంకటవ్వ పళ్లెం వాయించింది. మోదుగ చెట్ల కింద మేస్తున్న కౌజు పిట్టలు బుర్రున లేచి చెరువు అవతల పడ్డాయి.

నిజామాబాద్ నుంచి చీకటితోనే బయలుదేరి వచ్చిన పదిహేను మంది మొహాలు మాడిపోయాయి. పిట్టలు లేని చోట పిట్టలు చూపించే నడక ఏమిటని ఒకావిడ అడిగేసింది.

భూమేష్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎడపల్లి దగ్గరి ఈ ప్రకృతి కేంద్రంలో అతను గైడు. మోదుగ పూసి, వేప చిగురేసే ఈ నెలన్నరే జనం వచ్చేది. వచ్చేవారం కూడా పిట్టలు చూపించకపోతే నడక ఉండదు, నువ్వూ ఉండవని మేనేజర్ తెగేసి చెప్పాడు.

ఒళ్లు మండే సంగతి ఇంకొకటి. వెంకటవ్వ మిగతా రోజుల్లో మంచె ఎక్కదు. పగబట్టినట్టు ఆదివారమే ఎక్కుతుంది.

చేను కనిపించకుండా తుమ్మ కంచె అడ్డం. ఇవతలి నుంచే అరిచాడు.

"నాలుగు జొన్న గింజలకు నా పొట్ట కొడ్తవా అవ్వా?"

"నీ ఎంబడి ఎవల్ని తోల్కొస్తున్నవో ముందుగాల సూస్కో" అంది వెంకటవ్వ.

అంతదూరం నుంచి వచ్చినవాళ్లను పట్టుకుని అనే మాటేనా అది? అందరికన్నా బాపురావుకు ఎక్కువ కోపం వచ్చింది. ఆయనది బోధన్. ఒక్క ఆదివారం తప్పడు. ఏ పిట్ట ఎక్కడ మేస్తుంది, ఎక్కడ పడుకుంటుంది, అన్నీ అడిగి నోట్‌బుక్‌లో ఆకుపచ్చ పెన్నుతో రాసుకుంటాడు. ఇలాంటివాడు ఒక్కడుంటే చాలని భూమేష్ మురిసిపోయేవాడు.

"మంచె పీకెయ్యాలె అన్నా. లేకుంటే ముసల్ది గిట్లనే సతాయిస్తది" అన్నాడు బాపురావు.

మంచె కేంద్రం హద్దులోకి వచ్చిందని భూమేష్ మేనేజర్‌తో చెప్పి ఒప్పించాడు. శనివారం బాపురావే దగ్గరుండి మనుషులతో పీకించాడు. వెంకటవ్వ గుంజను పట్టుకుని ఏడ్చిందట. భూమేష్‌కు జాలి కలగలేదు. మంచి పని అయిందనుకున్నాడు.

మర్నాడు నడక బ్రహ్మాండంగా సాగింది. రెండు గుంపుల కౌజులు రాలిన పూల మధ్య తాపీగా మేశాయి. భూమేష్ గొంతు తగ్గించి వాటి గురించి తెలిసిందంతా చెప్పాడు. పొద్దుగూకాక ఆ పక్క తుమ్మ కొమ్మల్లోకే చేరతాయని కూడా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టబోయి, లేచిపోతాయని ఆగారు.

సోమవారం పొద్దున ఒక్కడే వెళ్లాడు. ఒక్క కూత లేదు. తుమ్మ కింద నేలంతా ఈకలు. విరిగిన కంచె లోంచి వెంకటవ్వ చేను కనిపించింది. అన్నీ మొదళ్లే. జొన్న కోసి నెల దాటింది.

వెంకటవ్వ అక్కడే తెగిన వల ముక్క పట్టుకుని కూర్చుంది.

"మరి ఎవల కోసం కొట్టినవవ్వా పళ్లెం?" అన్నాడు భూమేష్.

ఆమె వలకు చిక్కుకున్న కాగితం తీసి అతని చేతిలో పెట్టింది, దాని మీద ఆకుపచ్చ పెన్నుతో, నిన్న నడకలో అతను చెప్పిన మాటలే ఉన్నాయి: "రెండు గుంపులు, మోదుగల పక్క తుమ్మ, పొద్దుగూకినంక."