మరక లేని చొక్కా

"ఈవిడెవరో చెప్పుకోండి చూద్దాం" అంటూ స్కూలు చైర్మన్ ఒక పెద్దావిణ్ణి గదిలోకి తీసుకొచ్చాడు.

ఎదురుగా కూర్చున్న ఫుట్‌బాల్ కోచ్‌కి ఆవిణ్ణి చూడగానే గుండె జారిపోయింది. ఆట కోసం దేశం కాని దేశం వచ్చి అతను చేరిన క్లబ్బులో జట్టు బట్టలన్నీ ఉతికినావిడ. ఆ క్లబ్బులో ఉన్నన్నాళ్లూ అతను బెంచీ మీదే కూర్చున్నాడు. ఒక్క మ్యాచ్‌కీ మైదానంలో కాలు పెట్టలేదు. "అంత పెద్ద క్లబ్బు ఆటగాడు మన స్కూలుకొచ్చాడు" అని వీళ్లే మురిసిపోయారు. అతను అవుననలేదు, కాదనలేదు.

ఇవాళే ఉద్యోగం పర్మనెంట్ చేస్తారు. చెయ్యకపోతే పెళ్లాం బిడ్డలతో పెట్టే బేడా సర్దుకుని సొంత దేశానికి తిరిగి పోవాలి.

"మన గోల్‌కీపర్ పిల్ల ఉంది కదా, వాళ్ల అమ్మమ్మట. మీ పాత క్లబ్బులోనే పని చేశారట" అన్నాడు చైర్మన్ సంబరంగా. "చెప్పండమ్మా, మన కోచ్ ఆ రోజుల్లో ఎలా ఆడేవారు?"

"ఎప్పటి మాటో సార్, ఆవిడకేం గుర్తుంటుంది" అన్నాడు కోచ్.

"ఎందుకు గుర్తుండదు బాబూ? మొహాలు మర్చిపోతానేమో గానీ చొక్కాలు మర్చిపోను." ఆవిడ తీరిగ్గా కుర్చీలో కూర్చుంది. కోచ్ నేలచూపులు చూస్తున్నాడు.

"ఆట సంగతి నాకు తెలీదయ్యా. మిగతావాళ్ల చొక్కాలు బురద, నెత్తురు, చిరుగులు. ఎంతసేపు నానబెట్టినా వదిలేవి కావు. ఈ బాబు చొక్కా మాత్రం ఎలా ఇస్తే అలాగే తిరిగొచ్చేది. ఒక్కనాడూ మరకన్నది చూడలేదు."

అయిపోయింది అనుకున్నాడు కోచ్. చైర్మన్ బల్ల మీద చరిచాడు.

"అదీ ఆటంటే. తను పడకుండా, ఇంకొకణ్ణి పడెయ్యకుండా ఆడటం మాటలా? పిల్లలకి దెబ్బలు తగులుతున్నాయని తల్లిదండ్రులు నా ప్రాణం తీస్తున్నారు. మాకు మీలాంటివారే కావాలి" అని అక్కడికక్కడే పర్మనెంట్ కాగితం మీద సంతకం గిలికేశాడు.

పోయిన ప్రాణం లేచొచ్చింది కోచ్‌కి. వరండాలోకి రాగానే ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెద్దమ్మా, నేనసలు ఆడనే లేదని మీకు తెలుసు కదా."

"తెలుసు. ఆయన అడిగితే నాకు తెలిసిన చొక్కాల సంగతి చెప్పాను. అబద్ధం ఆడలేదుగా."

"నా ఇల్లు నిలబెట్టారు. మీకేం కావాలో అడగండి, కాదనను."

మనవరాల్ని కెప్టెన్ చెయ్యమంటుంది కాబోలు, తప్పకుండా చేసేద్దాం అనుకున్నాడు మనసులో. ఆవిడ అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగింది.

"మా పిల్ల ఆ గోల్ దగ్గర పొర్లి పొర్లి ఒంటినిండా బురదతో వస్తోంది బాబూ, ఈ వయసులో ఉతకలేక నా రెక్కలు పడిపోతున్నాయి. దాన్ని కూడా కొన్నాళ్లు మీలాగే బెంచీ మీద కూర్చోబెట్టండి."