రాగిని చూడవచ్చినవాళ్ళు

"ఇంకేమన్నా జబ్బులుండాయా, ఇంతేనామ్మా?" అన్నాడు మునిశామప్ప, రాగి అనే ఆ కుక్క వెనకకాలిని వేళ్ళతో తడిమి చూస్తూ.

ఇంకా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని చివరికి అట్టిపెట్టుకుంది సుప్రీత.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. కుక్కను ఒక ఇంటికి పంపేటప్పుడు ఆ సామెత చెల్లదని ఆమెకు పోయినసారే తెలిసొచ్చింది. చింతామణి టౌనులో ఒకాయనకు ఆ జబ్బు సంగతి చెప్పకుండా రాగిని అంటగడితే, వారం తిరక్కముందే ఆటోలో తెచ్చి గేటుకు కట్టేసి వెళ్ళిపోయాడు. ఆటో పోయిన దారినే చూస్తూ అది ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఆ చూపు సుప్రీత ఇంకా మరిచిపోలేదు. ఇక ఇస్తే నిలిచే ఇంటికే ఇవ్వాలి, లేదంటే ఇక్కడే తన దగ్గరే ముసలిదైపోనీ అనుకుంది.

ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన షెడ్డును బాడుగకు తీసుకుని, దారిన పడ్డ కుక్కలను చేరదీస్తోంది సుప్రీత. ఈ దంపతులు బట్లహళ్ళి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. మునిశామప్ప మాటల మనిషి. అడిగిందీ చెప్తాడు, అడగనిదీ చెప్తాడు. అతని భార్య తిమ్మక్క మాత్రం అంత ఎండలోనూ కొంగు మెడ చుట్టూ బిగించి చుట్టుకుని ఓ పక్కగా నిలబడింది. రాగానే చేతులు జోడించి నవ్వింది. అంతే.

"కాలు లారీ తగిలి వంకరైంది. అది ఇంక సరికాదు. అప్పుడప్పుడూ మూర్ఛ వస్తాది. పొద్దున, సాయంత్రం మాత్ర తప్పకూడదప్పా," అంది సుప్రీత.

"మాత్రలదేముండాదమ్మా! బెంగళూరు ఆస్పత్రి మెట్లు అరగదీసినోళ్ళం మేము. మా ఇంట్లో కూరలో ఉప్పు మరుస్తాము గానీ మాత్ర మరవము."

ఈయనకు షుగరో బీపీయో ఉంటుందనుకుంది సుప్రీత. ఈసారి తిమ్మక్క ముఖంలోకే చూసి అడిగింది.

"అమ్మా, మీరు ఇంతకు ముందు కుక్కను సాకినారా?"

"సాకినాము," అన్నాడు మునిశామప్ప. "చానా ఏండ్లు ఉండె. ఈయమ్మ పిలిస్తేనే గిన్నెకాడికి వచ్చేది. నేను గొంతు చించుకున్నా మొగం తిప్పుకునేది, దొంగది. ఈయమ్మ పిలిచేది మానేసినాక అదీ తినేది మానేసింది. వాకిట్లో కూసోని ఎదురుచూసి ఎదురుచూసి పోయిన యేడు పాయె."

"పిలిచేది ఎందుకు మానేసినారమ్మా?"

తిమ్మక్క తల వంచుకుంది.

"అదంతా ఇప్పుడేల లేమ్మా," అన్నాడు మునిశామప్ప.

సుప్రీతకు ఒళ్ళు మండింది. వాళ్ళమ్మ బతుకూ ఇలాగే గడిచింది. ఎవరు ఏమడిగినా బదులు నాన్నదే. ఆఖరికి అమ్మకు కాఫీ కావాలో వద్దో కూడా ఆయనే చెప్పేవాడు. ఇలాంటి ఇంటికా రాగిని పంపేది? తిమ్మక్కను చూస్తే జాలేసింది. మునిశామప్పను చూస్తే తిక్క రేగింది. దాచిందేదో చెప్పేస్తే ఆయనే లేచి వెళ్ళిపోతాడనుకుంది.

"ఇంకొకటి ఉండాదప్పా. దీనికి చెవులు వినపడవు. రాగి అని పేరైతే పెట్టినాను గానీ ఆ సంగతి దానికి తెలీదు."

మునిశామప్ప చప్పున భార్య వైపు తిరిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అంటే ఎవురు పిలిచినా రాదా? నేను పిలిచినా?"

"ఎవరు పిలిచినా రాదు."

"మరి నువ్వెట్ల పిలుస్తావమ్మా?"

సుప్రీత మడమతో నేలను తట్టింది. ఆ అదురుకు రాగి తలెత్తి చూసింది. చెయ్యెత్తి గుప్పిట మూస్తే కుంటుకుంటూ వచ్చింది. అరచెయ్యి కిందికి దించితే కూర్చుంది.

అప్పటిదాకా పక్కగా ఉన్న తిమ్మక్క ముందుకు వచ్చింది. తానూ మడమతో తట్టింది. చెయ్యెత్తి గుప్పిట మూసింది. రాగి ఒక్క క్షణం ఆలోచించి, లేచి వెళ్ళి ఆమె పాదం మీద గడ్డం ఆనించింది. తిమ్మక్క దుమ్ములోనే కూలబడి దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి, కళ్ళు ధారలు కడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. గట్టిగా ఏడవడానికి కూడా ఈ తల్లికి స్వతంత్రం లేదా అనుకుంది సుప్రీత.

"తోలుకపోతాము," అన్నాడు మునిశామప్ప, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఆయమ్మకి నచ్చింది."

సుప్రీత రాగి తాడును పిడికిలికి చుట్టుకుంది.

"మీరు చెప్పేది కాదప్పా. దీన్ని చూసుకునేది ఆమె గదా! వచ్చినప్పట్నుంచీ ఒక్క మాటన్నా మాట్లాడనిచ్చినారా మీరు? అమ్మా, మీ నోటితో మీరు సరేనంటేనే రాగిని ఇస్తాను. లేకుంటే మీ దోవ మీది."

మునిశామప్ప ఏదో అనబోయాడు. తిమ్మక్క చెయ్యెత్తి ఆపింది. అంత మాటల మనిషీ ఆగిపోయాడు.

ఆమె చీర దులుపుకుని లేచి, సుప్రీత ఎదురుగా వచ్చి నిలబడింది. ముఖంలో కోపం లేదు, నొచ్చుకున్నట్టూ లేదు. ఒక చేత్తో సుప్రీత పిడికిలిలోంచి తాడును మెల్లగా తీసుకుంది. రెండో చేత్తో మెడకు చుట్టుకున్న కొంగు విప్పింది.

గొంతు నడుమ, మాట పుట్టే చోట, రూపాయి బిళ్ళంత రంధ్రం ఉంది.