మొదటి పేజీ సవరణ

“కుర్చీ వద్దు సార్, సవరణ వెయ్యండి చాలు,” అంది శశికళ.

రాబర్ట్‌సన్‌పేటలో ‘గనిసీమ’ దినపత్రిక ఆఫీసంటే ఒక గది, ఒక ఫ్యాను, ఎడిటరు తిమ్మరాయప్ప. ఆయన ముందు నిలబడిన శశికళ క్యాసంబళ్ళి మామిడి రైతుల సంఘానికి కార్యదర్శి. ఆమె చేతిలో సోమవారం నాటి పేపరు ఉంది. ఆ వార్త రాసిన విలేకరి మునిశంకర్ గోడకు ఆనుకుని, పేపరు వైపు చూడకుండా ఫ్యాను వంక చూస్తున్నాడు.

‘క్యాసంబళ్ళి మామిడి ఇక మీ ఇంటికే’ అని శీర్షిక. ‘కోలారు తోపు’ అనే ఆ సంఘం వాళ్ళు వెబ్‌సైటు పెట్టారనీ, పండ్లతో పాటు అప్పులు, విమానం టికెట్లు, జుట్టు ఊడకుండా నూనె, పెళ్ళి సంబంధాలు కూడా అందులో దొరుకుతాయనీ రాశాడు మునిశంకర్. మన రైతులు ఇంత ఎదిగినందుకు చివర్లో కాస్త గర్వపడ్డాడు కూడా.

తప్పంతా అతనిదే అనడానికి లేదు. బెంగళూరు పేపర్లను చూసి వాత పెట్టుకున్న తిమ్మరాయప్ప ఈమధ్య ఒక రూలు తెచ్చాడు. ఏ ఊరి వార్తయినా సరే, కింద వెబ్‌సైటు చిరునామా ఉండి తీరాలి. గంగమ్మ జాతరకు కూడా అడిగాడు. అందుకని మునిశంకర్ సంఘం పేరుకు డాట్ కామ్ తగిలించి ఫోన్లో కొట్టి చూశాడు. అది తెరుచుకుంది. తెరుచుకున్నాక ఇక అనుమానం దేనికి?

“పైన ఇంగ్లీషులో అమ్మకానికి ఉండాదని రాసుండాది సార్. పండ్లని అనుకుంటి,” అన్నాడు మెల్లగా.

“ఆ పొద్దు మాకు వెబ్‌సైటే లేదప్పా,” అంది శశికళ. “మాలూరు పోయే దావలో ఖాళీ జాగాకు గోడ కట్టి, దాని మీద సిమెంటు ప్రకటన రాయించేది చూళ్ళేదా? ఇదీ అట్లాంటిదే. ఎవరో మా పేరు పట్టి పెట్టుకోని, దాన్ని అమ్మకానికి పెట్టి, ప్రకటనలు తగిలించినారు. లోపల ఇల్లూ లేదు, మనిషీ లేడు.”

పేపరు వచ్చిన రోజే వాళ్ళ ఊరి సొన్నమ్మ మనవడి ఫోటో తీసుకుని సంఘం వాకిట్లో కూర్చుందట, సంబంధం చూపించమని. దాన్ని నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ఏటా వాళ్ళ పంట మొత్తం కొనే ముళబాగిలు మండీ చిక్కవెంకటప్ప కూడా ఆ వార్త చదివాడు. మీకు వెబ్‌సైటు ఉండాదంట కదా, ఆడే అమ్ముకోండని ముఖం తిప్పేసుకున్నాడు. చెట్ల మీద కాయ రంగు తిరిగిపోయింది. ఇంకొన్నాళ్ళు ఆగితే నేలపాలే. తోపు ఉన్న ప్రతి ఇంటికీ ఏడాది బతుకు అదే మరి.

తిమ్మరాయప్ప మనసు కరిగింది కానీ, పేపరు ఆచారం కరగలేదు. ‘గనిసీమ’లో సవరణ అంటే చివరి పేజీలో, సంతాప ప్రకటనల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. రేపే అలా వేయిస్తానన్నాడు. శశికళ ఒప్పుకోలేదు. తప్పు మొదటి పేజీలో చేసి ఒప్పు చివరి పేజీలో చెప్పుకునేది యాడి న్యాయమని అడిగింది. కుదరదంటే సంఘం ఆడవాళ్ళందరినీ పండ్ల గంపలతో తెచ్చి ఆఫీసు ముందే కూర్చోబెడతానంది. అవతలి పేపరువాళ్ళు ఆ గంపల్ని ఫోటోలు తీయడం తిమ్మరాయప్ప కళ్ళ ముందు కదిలింది. మొదటి పేజీకి ఒప్పుకున్నాడు.

ఆమె అంతటితో వదల్లేదు. ఏ వెబ్‌సైటో తెలియకపోతే సవరణ ఎవరికి అర్థమవుతుందని, చిరునామా పెద్దక్షరాల్లో పెట్టించింది. వేరే సంఘమని జనం పొరబడకుండా బాదామి, మల్లిక, రసపూరి అని పండ్ల పేర్లూ వేయించింది. తిమ్మరాయప్ప ‘వెబ్‌సైటు లేదు’ అని రాస్తే, దాన్ని ‘వార్త రాసిన నాటికి లేదు’ అని మార్పించింది. సవరణలోనైనా నిజమే ఉండనీండి అంది. ఇంత నిక్కచ్చి మనిషి ముందు తానూ తక్కువ కాదని చూపించాలనిపించి, ‘కావాలంటే పాఠకులు స్వయంగా తెరిచి చూసుకోవచ్చు’ అని ఆయనే సొంతంగా ఒక వాక్యం కలిపాడు.

తన మాట చెల్లని రోషమంతా ఎవరి మీదనో ఒకరి మీద తీర్చుకోవాలి కదా. రేపటి నుంచి పనికి రావద్దని మునిశంకర్‌తో అన్నాడు.

“ఆయన్నేమీ అనొద్దు సార్,” అంది శశికళ. “మా పండ్ల గురించి పేపర్లో రాసినోడు ఇన్నేండ్లకు ఈయనొక్కడే.”

తిమ్మరాయప్ప ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. మునిశంకర్‌కు కళ్ళు చెమర్చాయి. తన వల్ల నష్టపోయిన మనిషే తన ఉద్యోగం నిలబెట్టింది. బస్టాండు దాకా ఆమె సంచి మోసుకుంటూ వెంట నడిచాడు. కాయను ఎట్లైనా అమ్మిపెట్టాలని, ముళబాగిలు పోయి చిక్కవెంకటప్ప కాళ్ళయినా పట్టుకుంటానని చెప్పాడు. అవసరం లేదులే అందామె. క్యాసంబళ్ళి బస్సు వచ్చింది. సంచి అందిస్తూ, అప్పటిదాకా మనసులో నలుగుతున్నదాన్ని అడిగేశాడు.

“అమ్మా, లేని వెబ్‌సైటుకు అంత పెద్దక్షరాలు ఎందుకమ్మా?”

కదిలే బస్సు మెట్టు మీద నిలబడి శశికళ నవ్వింది.

“నిన్ననే దాన్ని కొనేసినామప్పా.”