పడవవాడు

"మళ్లా తలకిందులే పట్టుకున్నవు మొగిలీ!"

దొర ఉండే గడి అరుగు మీద నిలబడ్డ శశికళకు నవ్వు ఆగలేదు.

మెట్ల కింద మొగిలి పుస్తకాన్ని చాట పట్టినట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"నాకేమెరుక దొరసాని? నల్లగున్నయన్ని నాకు ఒక్కతీరే."

"జనగామ ఎంత దూరమని? అయిదు కోసులకు రెండు దినాలా?"

"కాళ్లు గుంజుతున్నయి, నీ బాంచెన్."

పుస్తకం మెట్టు మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగాడు. శశికళ దాన్ని కొంగుతో తుడిచి తీసుకుంది.

పెళ్లయిన ఏడాదికే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన పిల్ల. గడి వాకిలి దాటడానికి లేదు. పలకరించే మనిషి లేడు. బిడ్డ మొహం చూడలేక దొర ఒక్కదానికి మాత్రం ఒప్పుకున్నాడు. జనగామలో ఒక పంతులు నడిపే గ్రంథాలయం నుంచి కథల పుస్తకాలు తెప్పించడం.

అయితే కాలం బాగాలేదు. ఊరూరా దొరల మీద సంఘం లేస్తోంది.

"సదువొచ్చినోడు పుస్తకాల నడుమ సంఘం కాయిదాలు తెస్తడు. సదువు రానోణ్ని పంపాలె" అని దొర ఏరికోరి మొగిలిని పెట్టాడు. వెట్టివాడు, కూలి అడగడు. అక్షరం రాదు, అనుమానం లేదు. దొర తెలివికి గడి అంతా తలూపింది.

ఆమె చదువుతున్నది ఏడు దీవుల కథ. ఏడు పుస్తకాలు. ఒక్కో దాంట్లో ఒక్కో రాజకుమారుడు, ఒక్కో మాంత్రికుడు. అలాగని దేనికదే కాదు. మొదటి దీవిలో ఆరిపోయిన దీపం మూడో దీవిలో వెలుగుతుంది. రెండో పుస్తకంలో చచ్చాడనుకున్న మాంత్రికుడు నాలుగో దాంట్లో చిలకలమ్ముకుంటూ ఎదురవుతాడు.

చదివి ఊరుకోవడం శశికళకు చేతకాదు. నచ్చినా నచ్చకపోయినా పుట అంచున పెన్సిలుతో రాసేది. చదివిన పుస్తకం మొగిలికిచ్చి పంపి, తర్వాతిది తెప్పించుకునేది.

మొదటి పుస్తకంలో, రాజకుమారుణ్ని దీవికి దాటించే పడవవాడు వచ్చిన చోట ఇలా రాసింది: "ఈ పడవవాడెందుకు? పేరైనా లేదు. తీసేస్తే కథకు నష్టమేమిటి?"

ఇప్పుడు రెండో పుస్తకం తెరిస్తే, అంచున ఎవరివో వంకర అక్షరాలు.

"తీసెయ్యొద్దు. వాడు లేకుంటే రాజకుమారుడు గీ ఒడ్డుకే ఉంటడు."

శశికళ ఉలిక్కిపడింది. తర్వాత గుండె నిండా సంతోషం. జనగామలో ఎవరో తన రాతలు చదువుతున్నారు. పంతులైతే కాదు, పుస్తకాల అట్టల మీది ఆయన రాత ముత్యాలే. ఏ వకీలో అయ్యుంటాడు. వకీళ్ల రాత ఎప్పుడూ ఇంతే.

ఇక ఆమె రాయడం, అతను జవాబివ్వడం. మూడో పుస్తకంలో పోట్లాడుకున్నారు. నాలుగో దాంట్లో రాజీపడ్డారు. మొగిలి వచ్చే దారి చూడటమే ఆమెకు పనైపోయింది. మొగిలిని కాదు, వాడి చేతిలోని పుస్తకాన్ని.

అయిదో పుస్తకంలో ఒక పుట తడిసి, ఆరి, ముడతలు పడింది.

"ఇదేందిరా?"

"వాన, దొరసాని."

"నెల దినాలాయె చినుకు పడక!"

మొగిలి తల వంచుకున్నాడు.

"ఇంకోసారి గిట్ల చేస్తే బాపుతోని చెప్త. బట్టల చుట్టి తేవాలె, సమజైందా?"

అది పడవవాడు ఏట్లో మునిగిపోయిన పుట. అంచున ఒక్క మాటే ఉంది: "ఇగ ఎవరు దాటిస్తరు?"

వకీలైనా మనసు మెత్తనే అనుకుంది.

ఆరో పుస్తకంలో తేలింది. అన్ని దీవులకూ అసలు వారసుడు ఆ పడవవాడే. శశికళ చాలాసేపు ఏడ్చి, చివరి పుటలో రాసింది:

"నేనే ఓడాను. అందరినీ మోసింది అతనే, నేను పేరు కూడా అడగలేదు. ఇంతకూ మీరెవరు? ఈ గడిలో నాతో మాట్లాడే మనిషి మీరొక్కరే. ఏడో పుస్తకంలో చెప్పకపోతే నా మీద ఒట్టే."

రెండు దినాలన్నది పది దినాలైంది. మొగిలి జాడ లేదు. శశికళ వాకిట్లోకీ లోపలికీ కాలుకాలిన పిల్లిలా తిరిగింది.

పదకొండో నాడు ఒక ఆడమనిషి వచ్చి మెట్ల కింద నిలబడింది.

"నేను పెంటమ్మను. మొగిలి పెండ్లాన్ని."

"మొగిలేడి?"

"లేడు దొరసాని. సంఘపోడని వాగు కాడ కాల్చిన్రు."

"వాడా? వాడికేం తెలుసని, పాపం!"

పెంటమ్మ కొంగులోంచి బట్టలో చుట్టిన పుస్తకం తీసింది.

"పోయే ముందుగాల గిది మీకియ్యమన్నడు. తడవకుంట తీస్కపొమ్మన్నడు."

శశికళ చేయి చాచి అందుకుంది. మొగిలి తెచ్చినప్పుడు ఒక్కసారైనా అలా అందుకోలేదు. లోపలికి కేకేసి దోసెడు జొన్నలు తెప్పించింది. పెంటమ్మ కొంగు పట్టలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయింది.

శశికళకు కథ మీద ధ్యాస లేదు. అంచులే వెతికింది. ఒక్కో పుటా తిప్పుతూ పోయింది. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

ఆఖరి పుట అడుగున దొరికాయి, ఆ వంకర అక్షరాలు.

"ఒట్టు పెట్టిన్రు గనుక చెప్తున్న. మీ ముందర ఆరుసార్లు పుస్తకం తలకిందులు పట్టుకున్నోణ్ని."