ఆరుగురిలో ఒకరు

"తాతా, కాస్త అటు జరుగుతారా?" అంది పుష్పరాణి విసుగ్గా.

పక్కన కూర్చుని దగ్గుతున్న ముసలాయన బెంచీ చివరికి జరిగాడు. చేతిలో ఝాల్‌ముడి మరమరాల పొట్లం, ఒళ్ళో గుడ్డ సంచీ.

అన్నాక ఆమెకి సిగ్గేసింది. కానీ ఆ భయంలో మర్యాదలెక్కడ గుర్తుంటాయి?

ఎదురుగా ఆసుపత్రి తలుపు మూసి ఉంది. దాని వెనక స్కానింగ్ గదిలో వాళ్ళ నాన్న సత్యారావు ఉన్నాడు.

ఇరవై ఆరేళ్ళుగా కలకత్తా వీధులు ఊడుస్తున్న మనిషి. పోయిన వారం ఏక్‌బాల్‌పూర్‌లో ఉచిత వైద్య శిబిరం పెడితే, అందరితోపాటు వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. మర్నాడే ఫోనొచ్చింది.

"ఊపిరితిత్తిలో మచ్చ కనిపించింది. క్యాన్సరేమో చూడాలి, రండి."

సత్యారావు నవ్వేశాడు. "మనకేటవుద్దే? దుమ్ములో పెరిగినోళ్ళం!"

పుష్పరాణికి నవ్వు రాలేదు. కాలేజీలో ఆమె చదువుతున్నది స్టాటిస్టిక్స్, మొదటి ఏడాది. శిబిరం వాళ్ళిచ్చిన కాగితంలో ఒక్క వాక్యం ఆమెకి వారం రోజులుగా కంటిమీద కునుకు లేకుండా చేసింది.

'ఈ పరీక్ష నూటికి తొంభై అయిదుసార్లు సరిగ్గా చెబుతుంది.'

అంటే నాన్నకి జబ్బు ఉండటానికి నూటికి తొంభై అయిదు పాళ్ళు. అంతే కదా లెక్క!

చదువు రానివాళ్ళ భయానికి దేవుడైనా ఉంటాడు. సగం చదువు భయానికి ఆ దిక్కూ లేదు.

కన్నీళ్ళు కాగితం మీద పడ్డాయి.

"ఏటమ్మా, మన తెలుగోళ్ళ పిల్లవి, ఎందుకేడస్తన్నావు?" బెంచీ చివర నుంచి ముసలాయన అడిగాడు.

చెప్పకూడదనుకుంటూనే అంతా చెప్పేసింది. 'తొంభై అయిదు' దగ్గర కాగితం మీద వేలు పెట్టి చూపించింది.

"ఆ లెక్క తప్పమ్మా," అన్నాడాయన.

ఆమెకి ఒళ్ళు మండింది. "మీకేం తెలుసు? నేను చదివేదే అది!"

"నాను సదువుకోనేదు. బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు. నలభై ఏళ్ళు గోనెసంచీలు సూసీవోణ్ణి. సిరిగిన సంచీని పట్టే మిషనొకటుండీది. అదీ నూటికి తొంభై అయిదు రైటే. అయినా అది ఇసిరేసినవాట్లో మంచి సంచీలే ఎక్కువ."

"అదెలా?"

"వెయ్యి సంచీల్లో సిరిగినవి పదే. మిగతా తొమ్మిదొందల తొంభై మంచివి. నూటికి అయిదు తప్పంటే, ఆ మంచివాట్లో ఎన్నింటిని సిరిగాయంటాది?"

పుష్పరాణి మనసులోనే లెక్క కట్టింది. "దగ్గర దగ్గర యాభై."

"సిరిగినవి పది, సిరగనివి యాభై. మొత్తం అరవై ఇసిరేసింది. అందులో నిజంగా సిరిగినవెన్ని?"

"పది..." ఆమె ఏడుపు ఆగింది.

"మరి ఈ జబ్బు వెయ్యిమందిలో ఎంతమందికుంటాది?"

"తెలీదు."

"కాగితం తిరగేసి సూడు. నాకూ ఇచ్చారది."

వారం రోజుల్లో ఆమె ఆ కాగితాన్ని వందసార్లు చదివింది. ఒక్కసారీ తిరగేయలేదు.

వెనకవైపు ఉంది. 'ఇలాంటి పనివారిలో వెయ్యిమందికి సుమారు పదిమంది.'

ముసలాయన పొట్లం విప్పి బెంచీ మీద అయిదు మరమరాలు పెట్టాడు. వాటి పక్కన ఒక వేరుశనగ పిక్క పెట్టాడు.

"మచ్చుందని ఆరుగుర్ని పిలిచారనుకో. అయిదుగురు ఈ మరమరాలు, ఏటీ నేక ఇంటికెల్లిపోతారు. ఒకడే పిక్క."

పుష్పరాణి ఆ పిక్క వైపే చూసింది. మళ్ళీ భయం కమ్ముకొచ్చింది. "ఆ ఒక్కడు మా నాన్నే అయితే?"

ఆయన పిక్కని వేలితో అటూ ఇటూ దొర్లించాడు.

"కాడని మాటివ్వనేనమ్మా. ఇది సగటు లెక్క. కానీ ఆరింట ఒక వంతు భయపడాల్సిన సోట నూటికి తొంభై అయిదొంతులు భయపడీకు. మిగతాది అనవసరంగా పడతన్న బాధ."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన ఆమెని అరచేయి చాపమని ఆ అయిదు మరమరాలూ అందులో వేశాడు.

"ఇవి నీవి. పిక్క నాది," అంటూ దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఒక్క పిక్కకి ఎంత ఆశో ముసలాయనకి! వారం రోజుల్లో మొదటిసారి ఆమెకి నవ్వొచ్చింది.

"శొత్తో రావ్!" నర్సు కేక. బెంగాలీ నోట సత్యారావు ఎప్పుడూ శొత్తోనే.

పుష్పరాణి పరుగెత్తింది.

"ఎప్పుడో వచ్చిన జబ్బు మానిన మచ్చ. భయం లేదు, ఇంటికి తీసుకెళ్ళు," అన్నాడు డాక్టరు.

సత్యారావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "సెప్పనేదేటే?" అన్నాడు. ఆమె ఆయన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. తాతకి చెప్పాలి! దూరం జరగమన్నందుకు క్షమించమని అడగాలి!

బయటికొచ్చి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. ఆయన పేరైనా అడగలేదు.

పిడికిలిలో మరమరాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"దిదీ, ఇక్కడ కూర్చున్న దాదు ఏరీ? ఆయనకీ స్కానింగ్ అయిపోయిందా?" బెంగాలీలో నర్సుని అడిగింది.

"దుర్గారావా? ఇప్పుడే పైకి తీసుకెళ్ళారు. అక్కడికి బయటివాళ్ళని రానివ్వరు. నువ్వు లోపలికెళ్ళాక పిలిస్తే, 'ఆ పాప నాన్న బయటికి రానీ' అని కాసేపు కదల్లేదు."

"పైకా? ఎందుకు?"

"పైన క్యాన్సర్ వార్డు కదా," అంది నర్సు, "ఆయనకి ఆ జబ్బేనని సోమవారమే తేలిపోయింది."