హాలెట్ గారింటి బ్యాటరీలు

“మళ్ళీనా?” అన్నది గున్‌హిల్డ్.

సీవర్ట్ తలెత్తకుండా కొత్త ఫోన్ బ్యాటరీలు సంచిలో పెట్టుకున్నాడు. “అయిపోయాయని కబురొచ్చింది. నేనేం చెయ్యను?”

“మనకి ఏడాదొస్తాయి. వెబర్ వాళ్ళకి ఇంకా ఎక్కువే వస్తాయి. ఆ మహాతల్లికి మాత్రం రెండు నెలలకే అయిపోతాయి. పోనీ ఫోన్లో ఎవరితోనైనా మాట్లాడుతుందా అంటే అదీ లేదు.”

“నాకూ అదే అంతుపట్టట్లేదు. నువ్వు మాత్రం మీ అక్కతో కబుర్లయ్యాక ఫోన్ గొట్టం కొక్కేనికి తగిలించు. చేత్తో పట్టుకున్నంతసేపూ బ్యాటరీ తరిగిపోతూనే ఉంటుంది.”

“నా గొట్టం సంగతి నీకెందుకు? పో, అక్కడ కాఫీ చల్లారిపోతుంది.”

సీవర్ట్ సంచి భుజాన వేసుకున్నాడు. టోపీ పెట్టుకుని మంచులోకి దిగిపోయాడు.

ఉత్తర డకోటాలోని ఆ పల్లెలో రైతులే స్తంభాలు పాతి, తీగ లాగి, ఇంటింటికీ ఫోన్లు పెట్టుకున్నారు. ఊరంతటికీ ఒకటే తీగ. చెడిపోయినప్పుడల్లా సీవర్ట్ చూస్తాడు. ఇన్నాళ్ళూ మొగుడి పనితనానికి మురిసిపోయిన గున్‌హిల్డ్‌కి, మిస్ హాలెట్ వచ్చినప్పటినుంచీ ఆ సంచి చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది.

మిస్ హాలెట్ బోస్టన్ మనిషి, రచయిత్రి. దేశాలన్నీ తిరిగి చివరికి ఈ ఊరి చర్చి పక్కింట్లో అద్దెకు దిగింది. పెళ్ళి కాలేదు. పాలుపితికే చేతులు కావు కాబట్టి తెల్లగా, నాజూగ్గా ఉంటాయి. సీవర్ట్ ఆ చేతుల్ని చూడకుండా ఉంటాడా అని గున్‌హిల్డ్ చాలాసార్లు అనుకుంది, తన చేతుల్ని తుడుచుకుంటూ.

అనుమానం అంతవరకే ఉంటే సర్దుకుపోయేదేమో. పోయిన నెల కొట్టు నడిపే వెబరమ్మ ఒక పత్రిక చేతిలో పెట్టింది. “హాలెట్ గారి నవల వస్తోంది ఇందులో. చదువు, అచ్చం నీలాంటి మనిషే ఉంది.”

గున్‌హిల్డ్ వేలు పెట్టుకుని ఒక్కొక్క ఇంగ్లీషు ముక్కా కూడబలుక్కుంది. నవల్లో మార్తా అనే రైతు పెళ్ళాం ఉంది. మొగుడి మీద కోపమొస్తే ఆవిడ బూట్లతోనే మంచమెక్కి పడుకుంటుంది. ఏడుపొస్తే కోళ్ళ గూడు వెనక్కి వెళ్ళి ఏడుస్తుంది.

గున్‌హిల్డ్ చెవులు ఎర్రబడిపోయాయి. ఆ బూట్ల సంగతి తెలిసినవాళ్ళు తనుగాక లోకంలో ఇద్దరే. ఒకరు సీవర్ట్. రెండోవారు, ఫోన్లో విని కడుపు పట్టుకుని నవ్విన అక్క రగ్నా. అక్కకి ఇంగ్లీషు ముక్క రాదు. ఇంక మిగిలిందెవరు?

ఇవాళ సీవర్ట్ బ్యాటరీలతో అటు వెళ్ళిన కాసేపటికి గున్‌హిల్డ్ అక్కకి ఫోన్ చేసింది. ఆ తీగ మీద ఎవరికి గంట మోగినా వినడానికి ఇంటింటా గొట్టాలు లేస్తాయి. కుక్క మొరుగు, వెబర్ వాళ్ళ గోడ గడియారం, ఎవరిదో దగ్గు వినిపించాయి. గున్‌హిల్డ్ నార్వే భాషలో మొదలుపెట్టింది. టక్ టక్‌మని గొట్టాలు కొక్కేలకెక్కేశాయి. ఆ తీగ మీద నార్వే వాళ్ళవి అక్కాచెల్లెళ్ళిద్దరి ఇళ్ళే మరి.

“నీ మొగుడు భోజనం దగ్గర ఉప్పు కావాలన్నా వేలు చూపిస్తాడే. అంత కబుర్లపోగు ఎప్పుడయ్యాడు?” అంది రగ్నా.

“నా దగ్గరే మూగవాడు అక్కా. అక్కడ చెవిలో నోరు పెట్టి చెబుతున్నాడు. పడకగదిలో సంగతులు కూడా. నవ్వుకుంటారు కాబోలు ఇద్దరూ.”

“అడిగావా?”

“అడిగితే బ్యాటరీలంటాడు. ట్రంకు సర్దేశాను. రేపు బండి పంపు.”

“తొందరపడుతున్నావేమో చూసుకో. సరే, పంపిస్తాలే,” అంది రగ్నా.

ఫోన్ పెట్టేశాక గున్‌హిల్డ్ ఇంట్లో నిలవలేకపోయింది. శాలువా కప్పుకుని చర్చి వైపు నడిచింది. సగం దారిలో సీవర్ట్ ఎదురొచ్చి, “ఎక్కడికే?” అన్నాడు. అతన్ని దాటి వెళ్ళిపోయింది.

మిస్ హాలెట్ తలుపు తీసి ఇంగ్లీషులో లోపలికి రమ్మంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గున్‌హిల్డ్ గది నాలుగు మూలలా వెతికి చూసింది. గోడమీద సముద్రంలోకి దిగిన కొండల బొమ్మ ఒకటి ఉంది. నార్వేలో తన చిన్నప్పటి ఊరిలాగే అనిపించినా, అప్పుడు బొమ్మలు చూసే ఓపిక లేదు. గోడ ఫోన్ కింద మెత్తటి దిండు వేసిన కుర్చీ కనబడింది. ఆ దిండు మధ్యకి లొత్తపడి ఉంది. సీవర్ట్‌కి వేసిన పీట అన్నమాట, అనుకుంది.

“మా ఆయన మీకేం చెప్పాడు?” అంది ఇంగ్లీషులో, మాటలు కూడదీసుకుంటూ.

“మీ సీవర్ట్ లుండె గారా? వస్తారు, పని చేసుకుని వెళ్తారు. మంచు పడుతోందని కూడా అనరు.”

“మరి మార్తా బూట్ల సంగతి మీకెవరు చెప్పారు?”

మిస్ హాలెట్ చూపు నేలమీదికి వాలిపోయింది.

గున్‌హిల్డ్‌కి ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. తలుపు వైపు తిరిగింది. ఈవిడ ముందు ఏడవకూడదనుకుంది గానీ నోరు ఆగలేదు. ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో సొంత భాషలో తనలో తాను గొణుక్కుంది. “ఇంటి గుట్టు అమ్ముకున్నవాడితో నాకు కాపురం లేదు. రేపు వెళ్ళిపోతాను.”

“వెళ్ళకండి, ఆయన తప్పేం లేదు,” అన్నది మిస్ హాలెట్, గోడ ఫోన్ గొట్టం మీద చెయ్యి వేసి, నార్వే భాషలో.